పురిటి సెలవుకు జీతం ఎవరిస్తారు?

స్వీడన్‌లో తల్లిదండ్రులకు 480 రోజులు. అమెరికా కేంద్ర చట్టంలో ప్రైవేటు ఉద్యోగికి జీతంతో ఒక్క రోజూ లేదు. మన దేశంలో 26 వారాలు. అయితే మహారాష్ట్రలోని భివండి నార్పోలిలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే తెలుగింటి ఆడబిడ్డ దాకా ఆ 26 వారాలు రావడం లేదు. లోపం ఎక్కడుంది?

రోజుకు 400 రూపాయలు సంపాదించే ఇద్దరు ఆడవాళ్లున్నారనుకోండి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరికీ ఒకే నెలలో తొలి కాన్పు. ఒకామె ఈఎస్ఐ బీమా కార్డున్న మిల్లులో పనిచేస్తుంది. ఆమెకు 26 వారాలకు, అంటే 182 రోజులకు పూర్తి కూలి లెక్కగట్టి 72,800 రూపాయలు చెల్లిస్తారు. రెండో ఆమె పట్టుమని పదిమంది లేని షెడ్డులో అదే నూలు చుడుతుంది. ఆమెకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద వచ్చేది 5,000 రూపాయలు. అది పన్నెండున్నర రోజుల కూలి. ఆ తర్వాత ఇల్లు గడవాలంటే పచ్చి బాలింత మళ్లీ పనికి పోవాలి, లేదా అప్పు చేయాలి.

ఇద్దరి ఒళ్లూ ఒకేలా అలిసిపోతుంది, ఇద్దరి బిడ్డలకూ అవే పాలు కావాలి. షెడ్డు గోడమీద ఫ్యాక్టరీ లైసెన్సు వేలాడుతోందా లేదా అన్న ఒక్క తేడాతో రెండో ఆమెకు దక్కేది 67,800 రూపాయల దూరంలో ఆగిపోతుంది.

సాంచాల ఊళ్లో మనవాళ్లు

ఠాణే జిల్లా భివండిలో నార్పోలి ఒక పేట. సాంచాల షెడ్డులు, గోదాములు, వాటి మధ్య కార్మికుల గదులు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అన్నట్టే ఇక్కడి తెలుగువాళ్లూ సాంచా అనే అంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, తరాల కిందటే బతుకుదెరువుకు ముంబయి మిల్లులకు, సోలాపూర్‌కు, సూరత్‌కు, భివండికి వచ్చారు. భివండిలో పద్మానగర్ అన్న పేరే ఆ వలసకు గుర్తు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన ముంబయి మిల్లుల సమ్మె తర్వాత పెద్ద మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కడ నేసే గుడ్డలో చాలా భాగం భివండి లాంటి మరమగ్గాల పట్టణాలకు మళ్లింది.

మిల్లు పోయి షెడ్డు రావడంతో కార్మికుడు ఒక చట్టం నీడలోంచి బయటికొచ్చి పడ్డాడు. మిల్లులో హాజరు పట్టీ, పీఎఫ్, ఈఎస్ఐ, యూనియన్ ఉండేవి. షెడ్డులో సేటు, పని చూసే ముకద్దం, పక్షం రోజులకోసారి చేతికిచ్చే పగార్ ఉంటాయి. నేసిన మీటర్లకే కూలి. షిఫ్టు పన్నెండు గంటలు.

సాంచా నడిపేది ఎక్కువగా మగవాళ్లు. ఆ సాంచా ఆగకుండా చూసేది మాత్రం ఆడవాళ్ల చేతులు. నాడెలో పెట్టే కండె నిమిషాల్లో అయిపోతుంది. అయిపోయేలోపు ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. వైండింగ్ మిషను ముందు వరసగా కదుళ్లు తిరుగుతుంటాయి. ఆమె ఖాళీ కండెను కదురుకు తొడిగి, కోన్ నుంచి పోగు అందించి, నిండినదాన్ని తీసి పెట్టెలో వేసి పక్క కదురుకు జరుగుతుంది. పోగు తెగితే రెండు వేళ్లతో ముడివేసి ముందుకు సాగాలి. కూర్చుంటే వరసకు చేయి అందదు, కనుక నిలబడే చేయాలి. గాలిలో నూలు దుమ్ము, చెవిలో సాంచాల మోత. ఏడో నెల గర్భిణి ఈ పని చేస్తుంటే నడుం, కాళ్లు ఏ స్థితికొస్తాయో ఆ మిషను ముందు ఒక్క పూట నిలబడినవాళ్లకు తెలుస్తుంది.

ఎక్కువసేపు నిలబడి చేసే పనిని, కడుపులో బిడ్డకు కీడు చేసే శ్రమను గర్భిణి వద్దంటే కాన్పు దగ్గరపడిన వారాల్లో ఆమెచేత చేయించకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే చెప్పింది. కాని వద్దన్న రోజున కూలి లేనప్పుడు వద్దనే నోరు ఎవరికి లేస్తుంది?

షెడ్డు గడప దగ్గర ఆగే చట్టం

1961 చట్టం మొదట 12 వారాలిచ్చింది. 2017 సవరణతో ఏప్రిల్ 1 నుంచి అది 26 వారాలైంది. ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది బిడ్డలున్న తల్లికి మాత్రం 12 వారాలే. మూడు నెలల్లోపు బిడ్డను దత్తత తీసుకున్న తల్లికీ 12 వారాలిచ్చారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ గది తప్పనిసరి చేశారు. బిడ్డకు ఆరు నెలలదాకా తల్లిపాలే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదానికి ఈ 26 వారాలు సరిగ్గా సరిపోతాయి. కాగితం మీద ఇది ప్రపంచంలోని మంచి చట్టాల సరసన నిలబడేదే.

అయితే అది వర్తించాలంటే పనిచేసే చోటు ఫ్యాక్టరీ, గని, తోట కావాలి, లేదా పదిమంది పనిచేసే దుకాణమో సంస్థో కావాలి. ఈఎస్ఐకీ పదిమంది లెక్కే. నార్పోలిలో ఒకే కప్పు కింద ఉన్న సాంచాలు కాగితాల్లో అన్నపేర కొన్ని, తమ్ముడిపేర కొన్ని, భార్యపేర కొన్ని ఉంటాయి. ఏ పేరు కిందా పదిమంది తేలరు. అలా షెడ్డు మొత్తం చట్టం గడప బయటే ఉండిపోతుంది.

రెండో అడ్డు 80 రోజుల లెక్క. కాన్పుకు ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన ప్రతి స్త్రీకీ హక్కుంటుంది. ముక్క లెక్కన కూలి తీసుకునేవాళ్లకూ ఉంటుంది. వాళ్ల సగటు కూలి ఎలా కట్టాలో చట్టంలోనే రాశారు. మరి ఆ 80 రోజులు పనిచేసినట్టు చూపేదెలా? కండెల లెక్క ముకద్దం జేబు పుస్తకంలో పెన్సిలుతో ఉంటుంది. పక్షం కాగానే పగార్ ఇచ్చి కొట్టేస్తారు. సంవత్సరాల తరబడి నూలు చుట్టినామె దగ్గర తాను కార్మికురాలినని చూపడానికి ఒక్క కాగితం ఉండదు.

రోజుకూలివాళ్లకు ఈ హక్కు లేదన్న వాదనను సుప్రీంకోర్టు 2000లోనే తోసిపుచ్చింది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్‌పై పనిచేసే మహిళా కూలీల కేసులో, పర్మినెంటు కాకపోయినా ప్రసూతి ప్రయోజనం వారికీ దక్కుతుందని తీర్పు చెప్పింది. అక్కడ కనీసం మస్టర్ రోల్ ఉంది. నార్పోలి షెడ్డులో అదీ లేదు.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత ప్రసూతి చట్టం అందులో కలిసింది. పదిమంది గీత మాత్రం అలాగే ఉంది. పదిమంది కన్నా తక్కువున్నచోట యజమాని, కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరవచ్చన్నారు. పేర్లు పంచి మరీ గీత దాటకుండా చూసుకున్న సేటు తనంతట తానుగా చేరతాడని ఆశపడలేం.

వందేళ్ల కిందటి ప్రశ్న

బిడ్డ పుట్టినప్పుడు కూలి ఎవరివ్వాలన్న చర్చ భారతదేశంలో మొదట చట్టందాకా వచ్చింది ఈ మహారాష్ట్ర నేల మీదే. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక సదస్సు కాన్పుకు ముందూ వెనకా కలిపి 12 వారాల సెలవు ఉండాలని ఒప్పందం చేసింది. 1924లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి బిల్లు పెడితే ఓడిపోయింది. తర్వాత బొంబాయి రాష్ట్రం ముందుకొచ్చి 1929లో దేశంలోనే తొలి ప్రసూతి ప్రయోజన చట్టం చేసింది. 1934లో మద్రాసు రాష్ట్రం ఆ దారి పట్టింది.

బొంబాయి శాసనమండలిలో ఆ బిల్లుపై 1928 జులై 28న డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ మాట్లాడారు. తల్లికి కాన్పుకు ముందూ తర్వాతా విశ్రాంతి దొరకడం జాతి ప్రయోజనమని, కనుక ఆ భారాన్ని ఎక్కువగా ప్రభుత్వమే మోయాలని ఆయన అన్నారు. ప్రభుత్వం మోయడం లేదు గనక ఆమె శ్రమతో లాభపడే యజమాని మోయడంలో తప్పు లేదనీ వాదించారు. చట్టం చివరికి భారాన్ని యజమాని మీదే పెట్టింది. 1961 చట్టమూ అక్కడే ఉంచింది. 2017 సవరణ వారాలను రెట్టింపుకు పైగా పెంచింది గాని, ఈఎస్ఐ లేనిచోట డబ్బంతా ఆ ఒక్క యజమానే కట్టాలి. 2018 నవంబరులో కేంద్ర కార్మిక శాఖ ఏడు వారాల జీతాన్ని యజమానులకు తిరిగి చెల్లిస్తామని ఒక ప్రతిపాదన తెచ్చింది. అది ప్రతిపాదన దగ్గరే ఆగింది. అంబేడ్కర్ చెప్పిన మొదటి మాట ఇంకా అమలుకు రాలేదు.

దేశాల మధ్య అసలు తేడా

ప్రసూతి సెలవుల గురించి పత్రికల్లో వచ్చే పట్టికలు వారాలనే లెక్కపెడతాయి. బల్గేరియాలో 410 రోజులు, స్వీడన్‌లో 480 రోజులు, చైనాలో జాతీయ స్థాయిలో 98 రోజులు. ఈ అంకెల వెనక ఇంకో ప్రశ్న ఉంది. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

జర్మనీలో 1878లోనే కాన్పయిన కార్మికురాలిని మూడు వారాలపాటు ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదన్నారు. 1883 నాటి ఆరోగ్య బీమా చట్టంతో ఆ రోజులకు భత్యం బీమా నిధి నుంచి రావడం మొదలైంది. అందరి జీతాల నుంచి కొంత పోగై, కాన్పు వచ్చిన తల్లికి చేరే పద్ధతికి అదే మొదలు. స్వీడన్ 1974లో తండ్రికీ ఆ హక్కిచ్చింది. ఇప్పుడక్కడి 480 రోజుల్లో 90 రోజులు తల్లికి, 90 రోజులు తండ్రికి ప్రత్యేకం. ఒకరి వాటా ఇంకొకరికి బదలాయించే వీలు లేదు.

మనవాళ్లు వలసపోయిన దేశాల్లో చూద్దాం. బ్రిటన్‌లో 52 వారాల సెలవు, అందులో 39 వారాలకు డబ్బు ఉంటుంది. మొదటి ఆరు వారాలు జీతంలో 90 శాతం, తర్వాత ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం. యజమాని చెల్లించినదానిలో 92 శాతం ప్రభుత్వం నుంచి తిరిగి తీసుకుంటాడు. చిన్న యజమానికైతే మొత్తం తిరిగిరావడమే కాక పైన కొంత కలుస్తుంది. చిన్న కొట్టు నడిపేవాడు గర్భిణిని చూసి భయపడాల్సిన పని అక్కడ లేదు. ఆస్ట్రేలియాలో 2011 నుంచి ప్రభుత్వమే కనీస వేతనం లెక్కన చెల్లిస్తోంది. సొంత పని చేసుకునేవాళ్లకూ, అప్పుడప్పుడు పనికి పోయేవాళ్లకూ అది వర్తిస్తుంది.

అమెరికాలో 1993 చట్టం 12 వారాల సెలవిచ్చింది, జీతం లేకుండా. అదీ 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో, ఏడాది పూర్తిచేసినవాళ్లకే. 2004లో కాలిఫోర్నియా, 2009లో న్యూజెర్సీ తమ సొంత బీమా నిధులతో జీతం ఇవ్వడం మొదలుపెట్టాయి. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగికి అలాంటి చట్టమేదీ లేదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న తెలుగమ్మాయికి దొరికేది టెక్సాస్ డాలస్‌లో ఉన్న ఆమె చెల్లెలికి కంపెనీ దయ ఉంటేనే దొరుకుతుంది. ప్రపంచంలోనే సంపన్న దేశం కూడా ఈ విషయంలో నార్పోలి షెడ్డు పక్కనే నిలబడి ఉంది.

గల్ఫ్ సంగతి మనకింకా దగ్గర. కువైట్‌లో ప్రైవేటు రంగ కార్మిక చట్టం 70 రోజులు జీతంతో ఇస్తుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఆ చట్టం కిందికి రారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు పోయిన మన ఆడవాళ్లలో ఎక్కువమంది ఆ ఇళ్లలోనే ఉన్నారు. ఒమన్ ఇంకో దారి పట్టింది. 2023 చట్టంతో సెలవును 98 రోజులు చేసి, 2024 జులై నుంచి ఆ డబ్బును సామాజిక రక్షణ నిధి చెల్లించేలా మార్చింది. యజమాని ప్రతి ఉద్యోగి జీతం మీద, ఆడవాళ్లైనా మగవాళ్లైనా, స్వదేశీయులైనా వలసవచ్చినవాళ్లైనా, ఒక శాతం కడతాడు.

బట్టల బజారులో మనకు పోటీగా నిలిచిన రెండు దేశాల సంగతీ చెప్పుకోవాలి. బంగ్లాదేశ్ 2006 చట్టం 16 వారాలిచ్చింది, భారం యజమానిదే. వియత్నాంలో ఆరు నెలలు పూర్తి జీతం సామాజిక బీమా నిధి నుంచి వస్తుంది. 2025 జులై నుంచి స్వచ్ఛందంగా బీమా కట్టే అసంఘటిత కార్మికురాలికీ కాన్పుకు 20 లక్షల డాంగ్‌లు ఇస్తున్నారు. మొత్తం పెద్దది కాదు. కానీ యజమాని లేనామె కూడా తల్లేనని ఆ చట్టం ఒప్పుకుంది.

ఇదంతా చూస్తే ఒక్క సంగతి తేటపడుతుంది. భారమంతా ఒక్క యజమాని మీద పడేచోట అతను లెక్కలు వేసుకుంటాడు: పెళ్లయినామెను తీసుకోవాలా, కడుపుతో ఉందని తెలియగానే రావద్దనాలా? నిధి చెల్లించేచోట ఆ లెక్కకు తావుండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం 14 వారాల సెలవుతో పాటు ఈ మాటా రాసింది: డబ్బు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలి, యజమాని ఒక్కడే మోయకూడదు. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు.

పుట్టిల్లు కడుతున్న బిల్లు

నార్పోలి గర్భిణికి సెలవే లేదనలేం. తొలిచూలు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లి వచ్చి కూతుర్ని సిరిసిల్లకో జనగామకో బస్సెక్కించి తీసుకుపోతుంది. పురుడు, స్నానం, శొంఠి, వెల్లుల్లి కారం, మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా బాలింతకు బరువుపని చెప్పకపోవడం... ఇదంతా ప్రసూతి సెలవే. దాన్ని భరించేది ఇంకో బీద తల్లి. ఆమె బీడీలు చుట్టో, సాంచాల దగ్గర పనిచేసో కూడబెట్టిన డబ్బుతో కూతురి 26 వారాలు గడుస్తాయి. పుట్టిల్లు లేనామెకు, తల్లి పోయినామెకు, రెండో కాన్పు ఆమెకు ఆ సెలవూ లేదు.

ఈ రాకపోకల్లో ప్రభుత్వ సాయమూ జారిపోతుంది. గర్భిణిగా పేరు నమోదయ్యేది భివండిలో, కాన్పు జరిగేది తెలంగాణలో. 2017 జూన్‌లో తెలంగాణ తెచ్చిన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలన్నారు. పరీక్షలు, కాన్పు, టీకాలు అక్కడి సర్కారు ఆసుపత్రుల్లోనే జరగాలన్నారు, ఆ విడతల ప్రకారమే డబ్బు ఇచ్చేవారు. సగం నెలలు నార్పోలిలో గడిపినామెకు ఆ విడతలు ఎలా కలిసేవి? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. మాతృవందన యోజన తొలి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితేనే 6,000 ఇస్తోంది. తమిళనాడు డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పేరుతో 18,000 రూపాయల విలువైన సాయం ఇస్తోంది. ఒక రాష్ట్రం చేయగలిగింది మిగతా రాష్ట్రాలు చేయలేవా?

మన ఇంట్లోనే ఉన్న దారులు

దీనికి స్వీడన్ దాకా పోనక్కర్లేదు. మన చట్టాల్లోనే మూడు దారులున్నాయి.

మొదటిది బీడీ కార్మికులది. ఇల్లే కార్ఖానా అయిన ఆడవాళ్లకు చట్టం ఎలా పడుతుందని అప్పట్లోనూ అడిగారు. 2025 నవంబరుదాకా ఉన్న 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం 37వ సెక్షన్ దానికి సూటిగా బదులిచ్చింది: ఇంట్లో చుట్టే కార్మికురాలికీ ప్రసూతి ప్రయోజన చట్టం వర్తిస్తుంది. కంపెనీలు కోర్టుకెక్కినా 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అమలులో ఎన్ని లోపాలున్నా, బీడీ కార్డు, లాగ్ బుక్కు ఉన్న తెలంగాణ ఆడవాళ్లకు తాము కార్మికులమన్న రుజువుంది. ఇంట్లో బీడీ చుట్టేవాళ్లకు ఇచ్చిన గుర్తింపు షెడ్డులో కండె చుట్టేవాళ్లకు ఇవ్వడానికి అడ్డేమిటి?

రెండోది మహారాష్ట్ర సొంత బిడ్డ: 1969 మాథాడీ, హమాలీ కార్మికుల చట్టం. భివండి గోదాముల్లో మూటలు మోసే హమాలీకి రోజుకో యజమాని. అలాంటివాడికి పీఎఫ్, వైద్యం ఎలా? ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి బోర్డు పెట్టారు. సరుకు దించుకున్న ప్రతివాడూ కూలితో పాటు దానిమీద లెవీ బోర్డుకు కట్టాలి. యజమాని ఎవరన్నది చూడకుండా, పనిని బట్టి హక్కు పుట్టింది. సాంచాల ఊరికి ఇంతకన్నా సరిపోయే నమూనా ఇంకోటి లేదు.

మూడోది కొత్తది. యాప్‌ల మీద పనిచేసేవాళ్ల కోసం సామాజిక భద్రతా కోడ్ ఆయా కంపెనీల టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి జమ చేయమంది. సరుకు డెలివరీ మీద లెవీ వేయగలిగితే నేసిన గుడ్డ మీదా వేయవచ్చు. ఒమన్ లెక్కనే తీసుకుంటే 400 రూపాయల కూలి మీద రోజుకు నాలుగు రూపాయలు. సాంచా నడిపే మగవాడి కూలి మీదా, కండె చుట్టే ఆడదాని కూలి మీదా సమానంగా వేస్తే, ఆడవాళ్లను పనిలోంచి తీసేసి మిగుల్చుకునేదేమీ ఉండదు. నూలిచ్చి గుడ్డ తీసుకునే వ్యాపారి నుంచి వసూలు చేస్తే చిన్న సేటు మీద భారం పడదు. ఆ నిధికి కేంద్రం, రాష్ట్రం తమ వాటా కలపాలి.

ఇప్పుడే అడగదగినవి

కడుపుతో ఉన్నట్టు తెలియగానే దగ్గరి అంగన్‌వాడీలోనో సర్కారు ఆసుపత్రిలోనో పేరు రాయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోవాలి. పుట్టింటికి పోయినా ఆ కార్డు వెంట ఉండాలి. మాతృవందన డబ్బుకు ఆధార్‌తో కలిసిన సొంత బ్యాంకు ఖాతా కావాలి. భర్తకో ఆమెకో ఈఎస్ఐ కోత పడుతోందేమో పగార్ చీటీలో చూసుకోవాలి. ఆమె పేరిట కోత ఉంటే, ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు ఆరునెలల కాలాల్లో 70 రోజుల చందా ఉంటే చాలు, 26 వారాలు హక్కే. చట్టం వర్తించేచోట ప్రసూతి సెలవులో ఉన్నామెను పనిలోంచి తీసేయడం నేరం. గర్భస్రావమైతే ఆరు వారాల సెలవుంది. చట్టం వర్తించనిచోట కూడా రోజుకెన్ని కండెలు చుట్టిందీ తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి, పగార్ రోజున ముకద్దం చేత సంతకం చేయించుకోవడం మంచిది. రేపు మాథాడీల మాదిరి బోర్డు వచ్చినా, కోర్టుకు పోయినా మొదట అడిగేది ఆ లెక్కే.

బోర్డు కోసం అడగాల్సింది గర్భిణి ఒక్కతే కాదు. పద్మానగర్‌లో కుల సంఘాలున్నాయి, బతుకమ్మ ఆడించే మహిళా సంఘాలున్నాయి, ఓట్లకు వచ్చే కార్పొరేటర్లున్నారు. భవనాలు కట్టి, పెళ్లిళ్లకు సాయం చేసి పేరు తెచ్చుకున్న ఆ సంఘాలు మహారాష్ట్ర కార్మిక శాఖ ముందు మరమగ్గాల కార్మికుల బోర్డు కోసం ఒక్క వినతిపత్రంతో నిలబడాలి. తెలంగాణ ప్రభుత్వం తన రాష్ట్రం వదిలి పోయిన ఆడబిడ్డకు రెండు రాష్ట్రాల్లో ఎక్కడ పరీక్ష చేయించుకున్నా ఒకే లెక్కగా కలిపే ఏర్పాటు మహారాష్ట్రతో కుదుర్చుకోవాలి. జనం వేసుకునే గుడ్డకు కండె చుట్టినామె ఆరు నెలలు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి అయ్యే ఖర్చు, ఆ గుడ్డ కొనేవాళ్లందరం కలిసి కడితే మీటరుకు పైసల్లో తేలుతుంది. అది దయ కాదు, ఆమె ఎన్నడో సంపాదించుకున్న కూలి.